ఎదురుగా నిలబడేవాడు

బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా అతను పెదవులు మాత్రం కదుపుతున్నాడు. "నలభై ఏళ్ళు మీ వెనకాలే నడిచాను" అన్నది వాక్యం. "నలభై" అనేటప్పుడు పెదవులు రెండూ కలుస్తాయి కాబట్టి ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది. "నడిచాను" మాత్రం నోటి లోపలే పుట్టి లోపలే పోతోంది. కిటికీ అద్దంలో తన నోరు చూసుకుంటూ నాలుగైదుసార్లు అన్నాడు. లాభం లేకపోయింది. జేబులోంచి కాగితం తీసి, ఒంటిచేత్తో దాన్ని సీటు వీపుకు ఆనించి, వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాశాడు. "నలభై ఏళ్ళు మీ మాటే నా మాటగా బతికాను." మళ్ళీ అద్దంలో చూసుకున్నాడు. ఈసారి పెదవులు ఐదుసార్లు కలిశాయి. చెవిటివాడు కూడా పట్టుకోగలడు.

రచయిత రాసిన మాట మార్చడం ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అతనికి ఇదే మొదటిసారి. ఎదుటి సీట్లో కూర్చున్నావిడ తలెత్తి, తనలో తాను నోరాడిస్తున్న ఈ నెరిసిన జుట్టు మనిషిని ఒకసారి చూసి, ఒళ్ళోని సంచిని అటువైపుకు జరుపుకుంది. అతను పట్టించుకోలేదు. బస్సుల్లో అతని చుట్టూ ఎప్పుడూ కాస్త చోటు ఎక్కువే ఉంటుంది.

అసిస్టెంట్ డైరెక్టరంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. టీవీ సీరియళ్ళలో అతని పని ఒకటే. రోజుకు పదిహేను సీన్లు తీసే చోట డైలాగులు బట్టీపట్టే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని కెమెరా పక్కన నిలబడి, కాగితం చూస్తూ ఒక్కొక్క ముక్కే అందించాలి. "నువ్వు ఈ ఇంటి కోడలివి కావు" అని ఇతను అంటే, "నువ్వు ఈ ఇంటి కోడలివి కావు" అని ఆవిడ కళ్ళెర్రజేసి అంటుంది. తర్వాత డబ్బింగులో ఇతని గొంతు తీసేసి ఆవిడ గొంతు పెడతారు. బళ్ళో డిక్టేషన్ చెప్పినట్టు చెబుతాడని అందరూ అతన్ని మాస్టారు అంటారు. బడి మొహం చూడనివాళ్ళు కూడా అతని దగ్గర డిక్టేషన్ తప్పించుకోలేకపోయారు.

ఎదుటి నటుడికి తీరిక లేకపోతే ఆ చోట నిలబడేదీ అతనే. అతని మొహం చూసే భార్యలు అలిగారు, తల్లులు గుండెలు బాదుకున్నారు, ఒకావిడ అతన్ని దేవుడనుకుని అరగంటసేపు మొరపెట్టుకుంది. కూతురు చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని, "నాన్నా, నువ్వేవీ? ఎక్కడా కనపడవే?" అని గొడవచేసేది. "ఆ అత్త ఎటు చూస్తోందో చూడు. అక్కడున్నాను" అనేవాడు. పిల్ల టీవీ పెట్టె పక్కకు వెళ్ళి తొంగిచూసి, అక్కడ గోడే ఉందని చెప్పి ఏడ్చింది. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. ఎందుకో ఈమధ్య మాత్రం తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఇంట్లో కూడా ఆ రోగం పోలేదు. భార్యకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆవిడ అనబోయే మాట ఇతను అనేస్తాడు. ఈ ఉదయం కూడా అదే జరిగింది. "ఇవాళ తొందరగా..." అని ఆవిడ అనగానే, "వస్తారా అనేగా?" అన్నాడు. ఆవిడ కత్తెర బల్లమీద పెట్టి, "తొందరగా వెళ్ళండి, బస్సు పోతుంది అనబోయాను. మహాప్రభో, నా మాట నన్ను చెప్పుకోనివ్వండి. మీకు పుణ్యముంటుంది" అని పుల్ల విరిచినట్టు చెప్పింది. నిజానికి ఆవిడకు కోపం లేదు. తప్పు అందించినందుకు అతనే రోజంతా నొచ్చుకుంటాడని ఆవిడకు తెలుసు.

స్టూడియోలో ఆ ఇంటికి మూడే గోడలు, కప్పు లేదు. పదకొండేళ్ళుగా అక్కడ ఎప్పుడూ ఒకే ఉదయం. కిటికీ బయట గుడ్డమీద వేసిన ఆకాశం ఎండదు, తడవదు. తన సొంతింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో అతనికి తెలియదు గానీ, ఈ ఇంట్లో ఏ రోజు ఏ కర్టెను ఎన్ని మడతలతో వేలాడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇవాళ ఆ ఇంటి మధ్యలో పొడవాటి కర్రకు కట్టిన మైకు ఒకటి వేలాడుతోంది. డబ్బింగు ఇక లేదని, నటులు అన్నమాట అన్నట్టే రికార్డవ్వాలని ఛానెల్ వాళ్ళు తేల్చారు. ఇవాళ్టినుంచి సెట్లో నటులు తప్ప ఇంకెవరూ కిక్కురుమనకూడదు. గోడలకు చెవులుంటాయని లోకం ఎప్పటినుంచో అంటోంది. ఈ ఇంటి గోడలకు మాత్రం ఇవాళే వచ్చాయి.

అతని బెంగ తన గురించి కాదు. లెక్కలు రాసుకోమన్నా, బట్టలకు కాపలా ఉండమన్నా ఉంటాడు. అతని బెంగంతా మేకప్ గదిలో అద్దం ముందు కూర్చున్న పెద్దమ్మగారి గురించి.

పదకొండేళ్ళుగా ఆ సీరియల్లో ఇంటికి పెద్దదిక్కు ఆవిడే కాబట్టి బయట కూడా పెద్దమ్మగారనే పిలుస్తారు. డెబ్బై దాటాయి. రెండేళ్ళ క్రితం ఒక పొద్దున ఆవిడ సెట్లోకి వచ్చి, "ఇవాళ నా కొడుకెవరు?" అని అడిగింది. అందరూ పగలబడి నవ్వారు. సీరియల్లో కొడుకులు మారడం మామూలే, ఆవిడకు అప్పటికి ముగ్గురు మారారు. అతనొక్కడే నవ్వలేదు. మూడో కొడుకు వచ్చి అప్పటికే ఆరేళ్ళయింది. ఆ రోజునుంచి అతను ఆవిడకు ఒక్కొక్క వాక్యం కాకుండా ఒక్కొక్క మాటే అందించసాగాడు. మాటతోపాటు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎటు తిరగాలో, ఎదుటనున్నది కోడలో కూతురో అన్నీ అందించాడు. ఆవిడకు వచ్చింది మతిమరుపు జబ్బని ఆవిడ కూతురికి తెలుసు, అతనికి తెలుసు. మేకప్ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ మనిషికి తెలియనివ్వలేదు.

ఇవాళ సీరియల్లో ఆవిడ భర్త చనిపోతాడు. శవం పక్కన కూర్చుని నాలుగు నిమిషాలు మాట్లాడి, తాళాలు అక్కడ పెట్టి ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. అంతటితో ఆవిడ పాత్ర ముగుస్తుంది. పోయినవారం డబ్బింగు గదిలో ఆవిడకు బుద్ధి స్పష్టంగా ఉన్న ఒక ఘడియలో అతని చెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, ఆ గుమ్మం నా కాళ్ళమీద నేను దాటి వెళ్ళాలి. తడబడ్డానంటే ఇంకొకర్ని తెచ్చి వెనకనుంచి చూపిస్తారు. నా ఇంట్లోంచి ఇంకెవరో నడిచివెళ్తారు. అలా జరగనివ్వకు" అంది. అతని వయసు యాభై రెండు. లోకంలో అతన్ని అబ్బాయ్ అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

"అమ్మా, సిద్ధమేనా?" అని మేకప్ గది గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆవిడ అద్దంలోంచి అతన్ని చూసింది. ఎంతోసేపు చూసింది. తర్వాత అద్దం అంచునెక్కడో చూసి, మళ్ళీ అతన్ని చూసి, నవ్వింది.

"నువ్వుంటావుగా అబ్బాయ్?"

"చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాను. నా నోరే చూడండి."

ఇంకొకటేదో అనబోయి ఆవిడ ఆగిపోయింది. అలవాటు చొప్పున అందిద్దామనుకున్నాడు గానీ ఏమందించాలో తెలియలేదు.

దర్శకుడు ఈ సీరియల్‌కు ఏడోవాడు. మంచివాడే గానీ తొందరెక్కువ. భర్త వేషం వేసే నటుడికి తీరిక లేక, అతని బదులు శవంగా మంచంమీద పడుకోబెట్టిన మనిషిని చూడగానే నెత్తి కొట్టుకున్నాడు.

"మాస్టారూ, ఏంటండీ ఇది? పదకొండేళ్ళు నెత్తిమీద అంత జుట్టున్న మనిషి, పోగానే బట్టతలవాడైపోయాడా?"

"పొరపాటైంది సార్. ఇప్పటికిప్పుడు వేరే మనిషి దొరకడు. మీరు సరేనంటే నేను పడుకుంటాను. కెమెరా ఎలాగూ తలవెనకనుంచేగా. జుట్టు కనపడితే చాలు."

దర్శకుడు అతని నెరిసిన జుట్టును మొదటిసారి చూసినట్టు చూశాడు. "పడుకోండి. కానీ కదలకూడదు. ఊపిరి కూడా కనపడకూడదు. రెండు టేకులే మాస్టారూ. ఆవిడ తడబడుతున్నారని ఛానెల్‌కి ఎవరో మోశారు. రెండింట్లో రాకపోతే వేరే ఏర్పాటు చెయ్యమన్నారు. నా చేతుల్లో ఏం లేదు."

"సరే సార్."

బట్టతలాయన దుప్పటిలోంచి లేచి, "అయితే నాకు పనేం లేదా?" అన్నాడు దిగాలుగా.

"ఆ కుర్చీలో నిద్రపోండి. ఇక్కడ చెయ్యాల్సిందీ అదేగా" అన్నాడు మాస్టారు. మంచంమీద ఉండేది తనేనని పెద్దమ్మగారికి ముందే చెప్పాడు గానీ, ఆ మనిషిని ఏరికోరి పిలిపించింది తనేనని ఇంకెవరికీ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళలో చేసిన కుట్ర ఇదొక్కటే.

ఆ మంచం దుప్పటిమీద ఎన్ని ముడతలున్నాయో ప్రతిరోజూ రాసుకున్నవాడు, దానిమీద వీపు ఆనించడం మాత్రం ఇదే మొదటిసారి. తెల్లటి దుప్పటి గడ్డందాకా కప్పారు. పైన కప్పు లేని ఇంటి చీకట్లో తాళ్ళు వేలాడుతున్నాయి, వాటి మధ్య లైట్లు నిదానంగా వేడెక్కుతున్నాయి. నీళ్ళ అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టుంది. ఎవరో "సైలెన్స్" అన్నారు. అందరికంటే ముందు ఆ మాట అతనే అంటాడు రోజూ. ఇవాళ ఇంకెవరో అనగా విని, ఇంత మెత్తటి మాటా ఇది అనుకున్నాడు.

ఒకప్పుడు అతనూ దర్శకుడవుదామనే వచ్చాడు. అయ్యాడు కూడా, ఒక మధ్యాహ్నంపూట. దర్శకుడికి జ్వరమొస్తే నాలుగు సీన్లు అతనే తీశాడు. "యాక్షన్" అనబోతే గొంతు జీరపోయింది, ఎందుకంటే అప్పటిదాకా ఎవరి మాటో తప్ప తన మాట గట్టిగా అనలేదు. టీవీలో ఆ ఎపిసోడ్‌కి జ్వరమొచ్చినాయన పేరే పడింది. కడుపులో మండింది. రెండు గ్లాసుల చల్లటి నీళ్ళు తాగితే తగ్గింది. ఆ నీళ్ళు తెచ్చిచ్చింది పెద్దమ్మగారే, అప్పట్లో ఆవిడ వేరే సీరియల్లో చిన్న వదిన.

పెద్దమ్మగారు వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ మొహం అతని మొహానికి పైన, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆవిడ వెనక లైటు, జుట్టు అంచులు వెలుగుతున్నాయి. పదకొండేళ్ళు ఎదురుగా నిలబడి చూసిన మొహాన్ని కిందనుంచి చూడటం కొత్తగా ఉంది.

"యాక్షన్" అన్నాడు దర్శకుడు.

మాస్టారు పెదవులు కదిపాడు. శబ్దం లేదు. గొంతు తీసేసిన మాట, నోటి ఆకారం మాత్రం.

"నలభై ఏళ్ళు," అంది ఆవిడ, "మీ మాటే నా మాటగా బతికాను."

వచ్చింది. అతని గుండె దుప్పటి కింద దబదబలాడింది. మైకుకు వినపడుతుందేమోనని భయమేసింది. రెండో మాట అందించాడు, మూడోది అందించాడు. ఆవిడ కళ్ళు అతని పెదవులమీదే ఉన్నాయి. పోయిన భర్త మొహంమీంచి చూపు తిప్పుకోలేకపోతున్న ఇల్లాలే ఆవిడ. మాట ఆవిడ నోట్లోకి వెళ్ళి, మాగి, బయటికి వస్తోంది. అతనికి కల వస్తున్నట్టుంది. తను అన్నది ఆవిడ అంటోందో, ఆవిడ అనబోయేదే తను అంటున్నాడో తెలియడం లేదు. ఇన్నేళ్ళుగా తను ఎవరెవరి బదులు నిలబడ్డాడో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి మంచం చుట్టూ నిలబడ్డట్టు, వాళ్ళెవరికీ మొహాలు లేనట్టు అనిపించింది.

"తాళాలు ఇక్కడే పెట్టి పోతున్నాను" అన్నది తర్వాతి మాట. పెదవులు కదిపాడు.

ఆవిడ అనలేదు.

మళ్ళీ కదిపాడు. ఆవిడ అతని నోటిని చూస్తోంది గానీ, అది నోరని తెలియనట్టు చూస్తోంది. కళ్ళలో ఎవరూ లేరు. మైకు నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటోంది. ఒకటి, రెండు, మూడు క్షణాలు. పైకి లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని "నేనమ్మా" అందామనిపించింది. శవం ఆ పని చెయ్యకూడదు. మూడోసారి పెదవులు కదిపేటప్పటికి అవి వణికాయి.

అప్పుడు ఆవిడ చెయ్యి ముందుకొచ్చింది. అతని నుదుటిమీద జుట్టు వెనక్కి తోసింది.

"ఎప్పుడు చూసినా నా ఎదురుగా నిలబడే ఉన్నావు," అంది. "కూర్చోమని ఒక్కరోజైనా అన్నానా నేను? కాళ్ళు లాగుతున్నాయా అని అడిగానా? నా ఏడుపేదో నేను ఏడ్చి వెళ్ళిపోయేదాన్ని. నువ్వు అక్కడే నిలబడి ఉండేవాడివి." దుప్పటి అంచు సవరించింది. "తిన్నావా అని కూడా అడగలేదే. ఇవాళ పడుకున్నావు. పడుకో నాయనా. ఎవరు పిలిచినా లేవకు."

ఈ మాటలు కాగితంలో లేవు. ఎవరూ అందించలేదు. జీవితంలో మొదటిసారి, ఎదుటి మనిషి తర్వాత ఏమంటుందో అతనికి తెలియలేదు. విన్నాడు. కళ్ళు మంటపుట్టి రెండు పక్కలా నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తల వెనకున్న కెమెరాకు అవి కనపడవు. ఊపిరి బిగబట్టాడు. ఎగిసిపడబోయిన ఛాతీని దుప్పటి కింద రెండు చేతులతో నొక్కిపెట్టి, శవంలాగే పడుకున్నాడు. "లేదమ్మా, నా కాళ్ళెప్పుడూ లాగలేదు" అని చెప్పాలని ఉంది. అబద్ధమే గానీ చెప్పాలని ఉంది.

ఆవిడ మళ్ళీ అతని పెదవులు చూసింది. అతను చివరి వాక్యం అందించాడు.

"తాళాలు ఇక్కడే పెట్టి పోతున్నాను. ఇక వెళ్ళొస్తాను."

లేచింది. అడుగుల చప్పుడు విన్నాడు. చెక్క గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగడం, తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం విన్నాడు. తన కాళ్ళమీద తను వెళ్ళింది.

"కట్" చాలా ఆలస్యంగా వచ్చింది. తర్వాత చప్పట్లు. దర్శకుడు మంచం దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "విన్నారా మాస్టారూ! పదకొండేళ్ళు మొగుణ్ణి మీరు మీరు అని, చివరికి నువ్వు అనేసింది! కాగితంలో లేని మాటలు! ఏం ఆర్టిస్టండీ ఆవిడ! అసలు ఎవరండీ ఆవిడకి మతిపోయిందన్నది?" అన్నాడు. అంతలో అనుమానమొచ్చి, "కంటిన్యుటీ ప్రకారం, పాత ఎపిసోడ్లతో పోలిస్తే ఇబ్బందేం లేదుగా? మీరేమంటే అదే" అన్నాడు.

ఇబ్బంది లేకేం! పెద్దమ్మ పాత్ర భర్తను ఏనాడూ నువ్వు అనలేదు. ఏ ఎపిసోడ్‌లో ఏమందో అతని నోటుబుక్కుల్లో ఉంది. ఆయన కూర్చునే ఉండేవాడు తప్ప ఎవరి ఎదుటా నిలబడింది కూడా లేదు. చిన్న చెంబు చోటు మారినా షూటింగ్ ఆపించిన మనిషి మాస్టారు.

"ఏం లేదు సార్. సరిగ్గా ఉంది" అన్నాడు.

కెమెరామన్ వదల్లేదు. శవం వేషం వేసినవాళ్ళు కట్ చెప్పాక కెమెరాకేసి నవ్వి తీరాలని వాళ్ళలో పట్టింపు. "నవ్వండి మాస్టారూ, ఆయుష్షు!" అన్నాడు. మాస్టారు తడికళ్ళతో తల తిప్పి కెమెరాలోకి చూసి నవ్వాడు. ఇన్నేళ్ళలో అతని మొహం దానికి కనిపించింది ఆ నాలుగు సెకన్లే.

బయటికి వచ్చేసరికి పెద్దమ్మగారి కారు గేటు దాటుతోంది. ఎవరైనా పలకరిస్తే గుట్టు బయటపడుతుందని కూతురు అటునుంచి అటే తీసుకుపోయింది. వెనక అద్దంలోంచి ఆవిడ తల మాత్రం కనిపించింది, అది ఇటు తిరగలేదు. మధ్యాహ్నపు ఎండలో చెయ్యి ఎత్తబోయి, ఎవరికోసమో తెలియనట్టు దించేశాడు. పోతే పోయింది, గుమ్మం దాటింది కదా అనుకున్నాడు. అనుకున్నంత తేలిగ్గా లేదు.

నగలు, చీర లెక్కచూసి అప్పగించడం ఇంకా మిగిలుంది. మేకప్ గదిలో ఎవరూ లేరు. చీర మడిచి కుర్చీమీద పెట్టి ఉంది, పౌడరు వాసన వేస్తోంది. నగలు ఒక్కొక్కటీ డబ్బాలో పెట్టి, దీపాలు ఆర్పుదామని అద్దం దగ్గరికి వెళ్ళాడు. అద్దం అంచున, కూర్చున్నవాళ్ళ కళ్ళకు ఎదురుగా, చీటీలు అంటించి ఉన్నాయి. అడుగున ఉన్నది పాతబడి పసుపెక్కింది. దానిమీద "నెరిసిన జుట్టు. నీలం చొక్కా. ఎదురుగా నిలబడేవాడు. వాడు అన్నదే అను" అని ఉంది. అతను తన నీలం చొక్కా వైపు చూసుకున్నాడు. రెండేళ్ళుగా సెట్లోకి అదే రంగు వేసుకు రమ్మని ఆవిడే సరదాగా పోరుపెట్టింది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఎవరో పిలుస్తున్నారు గానీ లేవలేదు.

పైనున్న చీటీ ఇవాళ్టిది. ఒక మూల జిగురు వీడి, ఫ్యాను గాలికి మెల్లగా కొట్టుకుంటోంది. పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, మరిచిపోయేలోపు రాసెయ్యాలన్న తొందరతో, "మంచంమీద ఉన్నవాడు చచ్చిపోలేదు. వాడు మన అబ్బాయి. భయపడకు" అని రాసి ఉంది.